మూడో రౌండు నా కాగితంలో లేదు

బాపట్లలో ఆ ఫైనల్ ఎలా నడుస్తుందో రెండు వారాల ముందే నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మొదటి రౌండు మేం ఓడిపోతాం. రెండో రౌండులో సమానమవుతాం. మూడో రౌండు సగానికి వచ్చేసరికి ఎదుటి పొడుగమ్మాయి రింగు తాళ్ళకి ఆనుకుని చేతులు దించేస్తుంది. ఆట మీద ప్రేమతో రాసింది కాదది. ఒక మనిషి మీద ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న కోపంతో రాసింది.

నేను తెనాలిలో ఒక స్కూల్లో పీఈటీని. పొద్దున్నే ఆరు నుంచి ఎనిమిది దాకా స్కూలు వెనక రేకుల షెడ్డులో ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పుతాను. నాకు నేర్పిన సారుది రేపల్లె. ఇప్పటికీ ఆయన్ని 'ఆయన' అనే రాస్తున్నాను. మర్యాద మిగిలి కాదు, చేతికి అలవాటై.

నాకు పదిహేడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. మాది అంగలకుదురు. నాన్న వ్యవసాయం. వారానికి మూడు రోజులు సైకిల్ మీద తెనాలి స్టేషన్‌కి వచ్చి, రేపల్లె ప్యాసింజరెక్కి, సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేదాన్ని. సారు ఒక పాత రైసుమిల్లు గోడౌన్‌లో నేర్పేవారు. మిల్లు ఆగిపోయి ఏళ్ళయినా గోడలకి తవుడు వాసన పోలేదు. దెబ్బ తగిలి కిందపడితే ముక్కులోకి ముందు ఆ వాసనే వచ్చేది. ఆడపిల్లలం ముగ్గురమే ఉండేవాళ్ళం. అందరికంటే పొడుగు నేనే.

"నీ చేతులు చూడు, నిచ్చెనలా ఉన్నాయి. వాటి చివర ఎవర్నైనా నిలబెట్టావా, ఇంక వాళ్ళు నీ దగ్గరికి రాలేరు," అనేవారు సారు.

ఆయన దగ్గర ఒకటే విద్య. ఎడమచెయ్యి చాచి సూటిగా గుద్దే జాబ్ వెయ్యడం, వేసిన వెంటనే ఎడమకి జారడం. మళ్ళీ జాబ్, మళ్ళీ జారడం. కొట్టేవాళ్ళు గాలిని కొట్టి అలిసిపోతారు. రెండేళ్ళు నేను నిద్రలో కూడా ఎడమకే జారాను.

పంతొమ్మిదో ఏట బాపట్లలో రాష్ట్ర జట్టు సెలక్షన్స్ పెట్టారు. జట్టులోకి వెళితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి ఉండేది. నాన్న నాట్లు వదిలిపెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. బరువు చూసే బల్ల దగ్గర కూర్చున్నాయన జాబితాలో నా పేరు వెతికి తలెత్తి నవ్వాడు.

"నీ పేరు కొట్టేశాంగా అమ్మా. పెళ్ళి కుదిరిందటగా. శుభం."

నేను తప్పుకుంటున్నట్టు నా పేరు మీద ఒక ఉత్తరం ఉంది. పెళ్ళి నిశ్చయమైనందువల్ల పోటీలో పాల్గొనలేనని రాసి ఉంది. కింద నా సంతకం. నేను ఇంటిపేరు పొడి అక్షరాలు చివర రాస్తాను. అక్కడ ముందున్నాయి. అక్షరాలు సారువే. ఆ గుండ్రటి 'మ' ఆయన హాజరు పట్టీలో రెండేళ్ళపాటు రోజూ చూసినదే.

సారు అక్కడే నిలబడి ఉన్నారు. నాన్న ఆయన దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని అడిగాడు.

"ఏమోనండీ, మీ అమ్మాయే తెచ్చి ఇచ్చింది. నేను ఇక్కడ ఇచ్చాను. ఆడపిల్లలు కదా, మనసు మారుతూ ఉంటుంది," అన్నారు సారు. నా వైపు చూడనైనా చూడలేదు.

నేను అరిచాను, ఏడ్చాను, నా సంతకం ఎలా ఉంటుందో బల్ల మీద రాసి చూపించాను. టైమ్ అయిపోయిందన్నారు. తిరుగు రైల్లో చుండూరు దాటాక నాన్న మెల్లగా అడిగాడు, "నిజంగా నువ్వు రాయలేదా అమ్మా?"

ఉత్తరం కంటే నాకు ఆ ప్రశ్నే లోతుగా దిగింది. చదువు చెప్పేవాడు అబద్ధం ఆడడని నమ్మే మనిషి మా నాన్న. ఆ నమ్మకాన్ని సారు నా మీదకి తిప్పారు.

తర్వాత జరిగింది ఇంకా అధ్వాన్నం. కబురు మాకంటే ముందే ఊరు చేరింది. అంగలకుదురులో ఎదురొచ్చినవాళ్ళంతా "అబ్బాయిది ఏ ఊరు?" అని అడిగారు. సంబంధమేం లేదని అమ్మ చెప్పింది. అయితే కుదిరిన సంబంధం తప్పిపోయిందని అనుకున్నారు. ఎందుకు తప్పిపోయిందని మూడేళ్ళు ఆరా తీశారు. లేని పెళ్ళికొడుకు నన్ను వద్దన్నాడు, దానికి కారణాలు నా గురించి ఊరు ఊరంతా చెప్పుకుంది. నేను మళ్ళీ రేపల్లె బండి ఎక్కలేదు. వ్యాయామ విద్యలో డిగ్రీ చేశాను, ఉద్యోగంలో చేరాను, ఇరవై ఏడేళ్ళకి నిజంగానే పెళ్ళి చేసుకున్నాను. సారుని మాత్రం మర్చిపోలేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులాగా నాలుక అక్కడికే వెళ్ళేది.

మూడేళ్ళ క్రితం నా షెడ్డులోకి ఒక అమ్మాయి వచ్చింది. అప్పుడు దానికి పదహారు. తెనాలిలోనే ఉంటారు, వాళ్ళమ్మ బ్లౌజులు కుడుతుంది. అమ్మాయి పొట్టి, భుజాలు మాత్రం రోకళ్ళు. మొదటి రోజే ఎదురుగా ఉన్న పిల్ల కొట్టిన నాలుగు దెబ్బలు మొహాన తింటూ ముందుకే నడిచి, కడుపులో ఒక్కటి ఇచ్చింది. ఎదుటి పిల్ల మోకాళ్ళ మీద కూలబడిపోయింది. ఇలాంటి పిల్లని సారు రెండు రోజుల్లో పంపించేసేవారు. పొట్టివాళ్ళకి ఈ ఆట రాదనేవారు. ఆ మాట గుర్తొచ్చి నాకు లోపల ఏదో వెచ్చగా అనిపించింది. ఆ పిల్లని బాగా తయారు చెయ్యాలని అనుకున్నాను. ఎవరికోసమో నాకు ఆ రోజే తెలుసు.

ఈ ఏడాది బాపట్లలో ఓపెన్ మీట్ పెట్టారు. యాభై కిలోల విభాగంలో ఏడు ఎంట్రీలు వచ్చాయి. అందులో సారు శిష్యురాలు ఒకమ్మాయి ఉంది. రేపల్లె అవతల లంక ఊరి పిల్ల. ఇంతవరకూ ఒక్క పోటీ కూడా ఓడిపోలేదని సారు అందరికీ చెప్పుకుంటున్నారని విన్నాను. డ్రా చూస్తే, వాళ్ళిద్దరూ ఫైనల్లోనే కలుస్తారు.

రేపల్లెలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఆ పిల్ల ప్రదర్శన ఇస్తుందని తెలిసి, సెలవు పెట్టి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ బండెక్కడం అదే మొదలు. తలకి చున్నీ చుట్టుకుని, అక్కడికొచ్చిన పిల్లల తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాను. పిల్ల తాటిచెట్టంత పొడుగు. జాబ్ వేసింది, ఎడమకి జారింది. మళ్ళీ జాబ్ వేసింది, ఎడమకే జారింది. రింగులో నేనే ఉన్నట్టుంది. సారు ఇన్నేళ్ళలో కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. ఫోనులో మొత్తం వీడియో తీసుకున్నాను.

ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. మా ఆయన లెక్చరర్, పక్క కుర్చీలో పేపర్లు దిద్దుకుంటున్నారు. నేను మూడో పేజీకి వచ్చేసరికి తలెత్తి, "నువ్వు పోటీకి వెళ్తున్నావా, కోర్టుకి వెళ్తున్నావా?" అన్నారు.

నేను రాసింది ఇది. పొడుగువాళ్ళకి దూరమే బలం. ఆ దూరం దాటాలంటే పొట్టివాళ్ళు నాలుగు దెబ్బలు తినాలి. మొదటి రౌండులో తింటాం. తింటూనే తల వదిలేసి కడుపు, పక్కటెముకలు కొడతాం. చెట్టుని తల మీద కొడితే ఊగుతుంది, మొదలు దగ్గర కొడితే పడుతుంది. రెండో రౌండులో ఆ పిల్ల కాళ్ళు బరువెక్కుతాయి. అయినా జాబ్ వేశాక ఎడమకే జారుతుంది, ఎందుకంటే వేరే దారి ఎవరూ నేర్పలేదు. దానికి ఎడమంటే మాకు కుడి. అక్కడ మా కుడిచెయ్యి కాసుకుని ఉంటుంది. మూడో రౌండులో తాళ్ళు.

మర్నాడు షెడ్డులో మా అమ్మాయికి చదివి వినిపించాను. చేతులకి బాండేజీ చుట్టుకుంటూ అంతా విన్నది.

"ఆ అక్క మీకు ముందే తెలుసా మేడం?"

"తెలీదు."

"మరి ఆ అక్కకి ఎవరేం నేర్పారో కూడా రాశారు కదండీ."

"వాళ్ళ సారు తెలుసు నాకు."

రెండు వారాలు దాని చేత ఆ కుడిచేతి దెబ్బే కొట్టించాను. నేనే పొడుగమ్మాయినై జాబ్ వేసి ఎడమకి జారేదాన్ని. నలభై దాటిన ఒళ్ళు అయినా జారడం మర్చిపోలేదు. ప్రతిసారీ అది నన్ను పట్టుకుని కొట్టేది. కొట్టిన ప్రతిసారీ నాకు రేపల్లెలో ఎవరికో తగిలినట్టుండేది.

బాపట్లలో సెమీఫైనల్ రోజు మా అమ్మాయి ఎదుటి పిల్లని రెండో రౌండులోనే ఆపేసింది. రెఫరీ మధ్యలోకి వచ్చి చేతులూపాడు. సారు గ్యాలరీలో రెండో వరసలో కూర్చుని చూశారు. జుట్టంతా నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, వెన్ను మాత్రం వంగలేదు. చూస్తున్నంతసేపూ ఆయన కుడి కాలు ఆడుతూనే ఉంది. నేను రింగు వైపు చూడడం మానేసి ఆ కాలునే చూశాను.

మర్నాడు ఫైనల్. పొద్దున్నే మళ్ళీ బరువు చూస్తారు. మా అమ్మాయిని తీసుకుని వెళుతుంటే స్టేడియం మెట్ల మీద ఆ పొడుగమ్మాయి కనబడింది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బరువు పెరగకుండా నీళ్ళు కూడా తాగలేదని చూడగానే తెలిసింది.

లోపల మా అమ్మాయి బరువు సరిపోయింది. బల్ల దగ్గరున్న అధికారి కాగితంలో ఏదో రాసుకుని మా వైపు చూసి నవ్వాడు.

"మీకు వాకోవర్ మేడం. ఎదుటి అమ్మాయికి జ్వరమట. వాళ్ళ కోచ్‌గారు లెటర్ ఇచ్చారు. గోల్డ్ మీదే."

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక్క గంతు వేసింది. నేను లెటర్ చూపించమన్నాను. తీవ్రమైన జ్వరం కారణంగా పాల్గొనలేకపోతున్నానని ఉంది. కింద అమ్మాయి సంతకం. గుండ్రటి 'మ'.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నిమిషంలో నేను చెయ్యగలిగినవి రెండు ఉన్నాయి. కాగితం మడిచి ఇచ్చేసి, మెడల్ తీసుకుని, తెనాలి రైలెక్కెయ్యడం ఒకటి. అప్పుడు మాత్రం నాకు ఒక్కటే కనిపించింది. గబగబా బయటికి వెళ్ళి, మెట్ల మీదున్న పిల్లని చెయ్యి పట్టుకుని లేపాను.

"నీకు జ్వరమా అమ్మా?"

"లేదండి. ఎందుకండి?"

"ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

"సారు పిలుస్తారండి. బరువు చూడ్డానికి ఇంకా టైముందన్నారు."

లోపలికి తీసుకెళ్ళి బల్ల ముందు నిలబెట్టాను. అధికారి లెటర్ దాని చేతికిచ్చాడు. ఆ పిల్ల చదివింది. రెండోసారి చదివింది. ఒకప్పుడు అలాంటి బల్ల ముందు నిలబడ్డప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో, ఎదురుగా ఉండి చూడడం అదే మొదటిసారి.

"ఈ సంతకం నాది కాదండి," అంది. "నేను ఆడతానండి."

ఈలోపు సారు వచ్చారు. అక్కడున్న అయిదారుగురు కోచ్‌లు చూస్తూ ఉండగా అధికారి ఆయన్ని అడిగాడు. సారు నీళ్ళు నమిలారు. పిల్ల నీరసంగా కనిపించిందనీ, దాని మేలు కోరే చేశాననీ అన్నారు. డాక్టర్ వచ్చి థర్మామీటర్ పెట్టాడు. జ్వరం లేదు. బరువు సరిపోయింది. అధికారి లెటర్ని రెండుగా చించి, పోటీ మధ్యాహ్నం ఉంటుందని చెప్పాడు.

అందరూ వెళ్ళాక సారు నా దగ్గరికి వచ్చారు. గుర్తుపట్టారు.

"నువ్వా అమ్మాయ్. నిన్న నీ పిల్లని చూశాను. నా పిల్ల నిలవదు. ఎలా జరుగుతుందో నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఓడిపోయే చోటికి పిల్లల్ని తోసేవాడు గురువు కాదు."

"అప్పుడు నాకూ అందుకే రాశారాండీ?"

"ఆ రోజు విజయవాడ నుంచి వచ్చిన పిల్ల నిన్ను మొదటి రౌండులోనే పడగొట్టేది. పరువు పోయేది. నేను కాపాడాను. నీకింకా తెలియకపోతే నేనేం చెయ్యను?"

ఇన్నేళ్ళూ నేను వేరే కారణాలు ఊహించుకున్నాను. నా చోటు ఎవరికో ఇవ్వడానికి చేశారనుకున్నాను. ఎవరో ఒత్తిడి తెచ్చారనుకున్నాను. నేను ఓడిపోతానని ఆయన మనసులోనే ఆట ఆడేసి, ఫలితం చెప్పేసి, నన్ను ఇంటికి పంపారు. ఆయన కళ్ళజోడు తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. మధ్యాహ్నం ఉంది కదా అనుకున్నాను.

బయటికి వస్తే మా అమ్మాయి గోడకి ఆనుకుని ఉంది.

"మేడం, నాకు గోల్డ్ వచ్చేసింది కదండీ?"

"కొట్టి తెచ్చుకో," అన్నాను.

అది నా మొహంలోకి చూసి, తల దించుకుని వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

మధ్యాహ్నం హాలు నిండింది. పొద్దుటి సంగతి అందరికీ పాకిపోయింది. మేం ఎరుపు మూల, వాళ్ళు నీలం. నిబంధన ప్రకారం మూలలో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి సారు వచ్చి నిలబడ్డారు, చేతులు కట్టుకుని. నీళ్ళ సీసా అందించింది బాపట్ల కోచ్ ఒకాయన.

మొదటి రౌండు నా కాగితం ఎవరో పైకి చదువుతున్నట్టు జరిగింది. పొడుగమ్మాయి జాబ్ వేసింది, మా అమ్మాయి మొహం ఎర్రబడింది. మా అమ్మాయి దెబ్బలు తింటూ లోపలికి దూరి పక్కటెముకల మీద కొట్టింది. ప్రతి దెబ్బకీ ఆ పిల్ల 'హుఁ' అనడం నాకు వినిపించింది. గంట మోగాక మా అమ్మాయితో చెప్పాను, "రౌండు పోయింది. పోనీ. అనుకున్నదే."

రెండో రౌండు సగంలో పొడుగమ్మాయి జాబ్ వేసి ఎడమకి జారింది. మా కుడిచెయ్యి అక్కడే ఉంది. దవడ మీద తగిలి ఆ పిల్ల వెనక్కి రెండడుగులు తూలింది. రెఫరీ ఆపి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. హాలంతా లేచింది. నేను లెక్కపెడుతున్న రెఫరీని చూడలేదు. సారుని చూశాను. ఆయన తల ఊపుతున్నారు, నేను చెప్పలేదా అన్నట్టు.

గంట మోగింది. మా అమ్మాయి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఏదో అంది. నా చూపు అవతలి మూల మీదే ఉంది. అక్కడ సారు వంగి పిల్లతో, "చాలు. ఆపేద్దాం," అంటున్నారు. పెదాల కదలికలోనే తెలిసింది. ఓటమి ఒప్పుకుంటూ రింగులోకి విసరడానికి తువ్వాలు కోసం చెయ్యి చాపారు. ఆ పిల్ల తువ్వాలు లాక్కుని బాపట్ల కోచ్ చేతిలో పెట్టి, సారుకి వీపు చూపించి నిలబడింది.

"పడుకోబెట్టెయ్ దాన్ని," అన్నాను నేను మా అమ్మాయితో. "లేవకూడదు. అర్థమైందా? లేవకూడదు."

ఆ మాట అన్నది నేనే. ఆ పిల్ల నాకేం అపకారం చేసింది? కానీ అన్నాను.

మూడో రౌండు నా కాగితంలో లేదు. తాళ్ళకి ఆనుకుంటుందనుకున్న పిల్ల గంట మోగగానే రింగు నడిమధ్యకి వచ్చి పాదాలు పాతినట్టు నిలబడింది. జాబ్ వెయ్యలేదు. ఎడమకి జారలేదు. అంత పొడుగు మనిషి మోకాళ్ళు వంచి, మా అమ్మాయి ఎత్తుకి దిగి, దగ్గరగా నిలబడి కింద నుంచి పైకి కొట్టింది. ఎవరూ నేర్పని దెబ్బలు అవి. కొన్ని గురి తప్పాయి, కొన్ని మోచేతికి తగిలాయి, మిగిలినవి గడ్డానికి తగిలాయి. నేను రాసుకున్నది సారు శిష్యురాలి గురించి. మూడో రౌండుకి ఆ పిల్ల సారు శిష్యురాలు కాదు.

మా అమ్మాయి తిరగబడింది, కానీ ఎడమ మోచెయ్యి పైకి లేవడం లేదు. పక్కకి అదిమిపెట్టుకుని ఉంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. "చెయ్యెత్తు! చెయ్యెత్తు!" అని అరిచాను. మూడు నిమిషాలూ ఇద్దరూ రోట్లో రెండు రోకళ్ళలా ఆగకుండా కొట్టుకున్నారు.

అయిదుగురు జడ్జీలు. ముగ్గురు నీలానికి ఇచ్చారు, ఇద్దరు మాకు. రెఫరీ ఎత్తింది పొడుగమ్మాయి చెయ్యి.

ఓడిపోయాం. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. అవతలి మూలలో సారు మొహం చూశాను. గెలిచిన పిల్ల రింగు దిగి ఆయన పక్క నుంచే నడిచి వెళ్ళి బాపట్ల కోచ్ కాళ్ళకి దండం పెట్టింది. ఓడిపోని తన శిష్యురాలు ఇప్పుడూ ఓడిపోలేదు. అందువల్లే ఆయన తల ఎత్తలేకపోయారు. నేను కొళాయి దగ్గర ఆయనకి ఎదురు వెళ్ళి, చుట్టూ ఉన్న తల్లిదండ్రులకీ కోచ్‌లకీ వినపడేలా అడిగాను.

"సార్, మీ అమ్మాయికి జ్వరం తగ్గినట్టుందండీ!"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. సారు చేతులు కడుక్కోకుండానే వెళ్ళిపోయారు. ఆయన వీపు గేటు దాటేదాకా కళ్ళార్పకుండా చూశాను. ఇరవై రెండేళ్ళ ఆకలికి అన్నం దొరికినట్టుంది. ఆ పిల్ల ఇప్పుడు బాపట్లలోనే ప్రాక్టీసు చేస్తోందట. రేపల్లె గోడౌన్‌కి పిల్లలు తగ్గారని విన్నాను. ఇది రాసేటప్పుడైనా ఆయన మీద జాలి కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు.

తిరుగు రైల్లో మా అమ్మాయి నా పక్కన కూర్చోలేదు. రెండు వరసల అవతల కిటికీకి తల ఆనించుకుంది. తెనాలిలో దిగి వాళ్ళమ్మ స్కూటర్ వెనక ఎక్కి, వెళ్తానని చెప్పకుండా వెళ్ళిపోయింది. మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

పదో రోజు వాళ్ళమ్మ స్కూలుకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మెళ్ళో టేపు అలాగే ఉంది, కుడుతూ కుడుతూ లేచొచ్చినట్టు.

"ఓడిపోయిందని రాలేదండి మేడం గారూ. ఆటన్నాక ఓడిపోతారు. రెండో రౌండు అయ్యాక ఎడం పక్క పట్టేసిందని మీకు చెప్పిందంట. మీరు పలకలేదంట."

స్టూలు మీద అది అన్న మాట అదన్నమాట.

"వినపడలేదమ్మా," అన్నాను.

"ఎముక చిట్లలేదు కాబట్టి సరిపోయిందండి. డాక్టరు రెండు వారాలు కదలొద్దన్నాడు." మెళ్ళో టేపు సర్దుకుంది. "ఆ పెద్దాయనతో మీకేం పడలేదో నాకు తెలీదండి. ఆ రోజు పొద్దున్న ఆ ఉత్తరం సంగతి బయటపెట్టే ముందు మా పిల్లని ఒక్క మాట అడగాల్సిందండి. అడిగుంటే అదే చెప్పేది, ఉత్తినే వచ్చేది నాకొద్దు, కొడతానని. నాతో అదే అంది. దాన్ని అడగలేదని దాని బాధ. మెడల్ పోయినందుకు కాదు."

"తప్పేనమ్మా," అన్నాను.

"నాతో కాదండి అనాల్సింది," అని వెళ్ళిపోయింది.

నాకు వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. ఇది కూడా రాయాలి. సారుని పదిమందిలో నిలదీసిన మనిషిని, పంతొమ్మిదేళ్ళ పిల్ల గుమ్మం ముందుకి వెళ్ళలేకపోయాను. రెండుసార్లు ఆ వీధి చివరిదాకా వెళ్ళి, కుట్టు మిషన్ చప్పుడు వినపడగానే వెనక్కి తిరిగాను.

పద్దెనిమిదో రోజు పొద్దున్న నేను షెడ్డు తాళం తీసేసరికి అదే వచ్చింది. మిగిలిన పిల్లలు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని బాండేజీ చుట్టుకుంది.

"పక్క ఎలా ఉంది?"

"తగ్గిందండి."

"నిన్ను అడగాల్సింది నేను. రెండుసార్లు. ఆ రోజు పొద్దున్నా, స్టూలు మీదా."

"అవునండి," అంది. పర్లేదనలేదు. తల కూడా ఎత్తలేదు.

బాండేజీ చుట్టడం అయ్యాక లేచి, గోడకున్న ప్యాడ్లు తీసి నా చేతికిచ్చింది. "మీరు పట్టుకోండి మేడం."

పట్టుకున్నాను. మొదటి దెబ్బకే తెలిసింది అది ప్రాక్టీసు దెబ్బ కాదని. ఒళ్ళంతా తిప్పి కొడుతోంది. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. ప్యాడ్ల వెనక నా మణికట్లు మండాయి. వెనక్కి నడుస్తూ నడుస్తూ రేకు గోడకి ఆనుకుపోయాను. అక్కడ కూడా ఆపలేదు. దాని కళ్ళు ప్యాడ్ల మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. మిగతా పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. సాయంత్రానికి నా రెండు చేతులూ వాచిపోయి అన్నం కలుపుకోవడం కష్టమైంది.

ఆపమని నేను అనలేదు. అది అలిసిపోయేదాకా పట్టుకునే ఉన్నాను.